ముక్కుపుడక, మాస్కు, నా గురక

రెండేళ్ళ కిందట మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి తెనాలిలో అయింది. తెల్లవారుజామున ముహూర్తం. ఆడవాళ్ళందరికీ కల్యాణమండపం మేడమీద ఓ పెద్ద గది ఇచ్చారు. జంపఖానాలు పరిచి, దొరికిన దిండల్లా తల కింద పెట్టుకుని పద్నాలుగు మంది వరసగా నడుం వాల్చారు. నేను మాత్రం గోడకి చేరగిలబడి, ఒళ్ళో పెళ్ళికూతురి నగల పెట్టె పెట్టుకుని కూచున్నాను. "నువ్వూ కాసేపు పడుకోవే" అని పిన్ని రెండుసార్లు అంది. "నగలున్నాయి కదా పిన్నీ, నేను చూసుకుంటాలే" అన్నాను. పొద్దున్న అందరూ ఒకటే మెచ్చుకోవడం, ఎంత బాధ్యత తెలిసిన పిల్లో అని. నలభై అయిదేళ్ళ పిల్లని!

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. నగలకి కాపలా లేదు, నా మొహమూ లేదు. నాకు గురక వస్తుంది. మామూలు గురక కాదు, పక్కగదిలో వాళ్ళు లేచి తలుపేసుకునే గురక. ఆ పద్నాలుగు మంది మధ్య పడుకుంటే పొద్దున్నకల్లా రెండు వైపుల చుట్టాలకీ నేనే కబురు. అందుకని రాత్రంతా మేలుకుని కూచున్నాను.

మగవాడు గురక పెడితే ఇంట్లో హాస్యం. "మా వారు నిద్రపోతే రైలు కూత అక్కర్లేదు" అని మనమే నవ్వుతూ చెప్పుకుంటాం. ఆడది పెడితే మాత్రం అదేదో మర్యాద తప్పిన పనిలా ఉంటుంది. నేను నా గురక సంగతి డాక్టరుకి కూడా చెప్పలేదు. మూడేళ్ళపాటు.

ఆ మూడేళ్ళలో ఏం జరిగిందో చెప్తే మీలో కొందరికి తెలిసిన కథలాగే ఉండొచ్చు. పొద్దున లేవగానే తలపోటు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్ళు చితక్కొట్టినట్టు ఉండేది. పదకొండింటికి కూర తరుగుతూ తరుగుతూ కళ్ళు మూతలు పడేవి. పాలు ఎన్నిసార్లు పొంగాయో, ఎన్ని గిన్నెలు మాడాయో లెక్కలేదు. చిన్న మాటకే విసుగు, కన్నీళ్ళు. మా కుటుంబ డాక్టరు దగ్గరికి వెళ్తే థైరాయిడ్ చూశారు, రక్తం చూశారు, బీ12 చూశారు. బీపీ 150 ఉందని మాత్ర రాశారు. అది చాలక రెండో మాత్ర కలిపారు. "ఈ వయసులో మామూలేనమ్మా, హార్మోన్లు" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ హార్మోన్ల మాట పూర్తిగా అబద్ధమూ కాదు. నెలసరి ఆగే వయసుకి వచ్చాక ఆడవాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందిట. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే లాభం ఏముంది? రాత్రి ఎలా నిద్రపోతున్నావని ఒక్కరూ అడగలేదు. నేను చెప్పనూ లేదు.

మా వారు "హాల్లో గాలి బాగా వస్తోంది" అంటూ హాల్లో పడుకోవడం మొదలుపెట్టారు. డిసెంబరులో గాలేమిటండీ? నాకు అర్థమైంది, ఆయనకీ నాకు అర్థమైందని అర్థమైంది. ఇద్దరం నోరెత్తలేదు.

చివరికి కనిపెట్టింది మా చిన్నది. ఇంటర్ పరీక్షలకి రాత్రి ఒంటిగంట దాకా నా మంచం పక్కనే బల్ల వేసుకుని చదువుకునేది. ఒకరోజు పొద్దున్నే కాఫీ దగ్గర నుంచుని, "అమ్మా, నువ్వు ఊపిరి ఆపేస్తున్నావు" అంది. ఏమిటే అంటే ఫోనులో పట్టిన శబ్దం వినిపించింది. ఘుర్రు ఘుర్రుమని నా గురక. తర్వాత ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే. అలా ఎంతసేపో. తర్వాత నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలినట్టు ఒక పెద్ద ఎగశ్వాస, మళ్ళీ గురక. "ఇరవై ఆరు సెకన్లు. నేను లెక్కపెట్టాను. రాత్రంతా ఇలాగే ఉంది. నాకు భయమేసి చదవలేకపోయాను" అని ఏడ్చేసింది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ గురక మా వీధిలో ప్రసిద్ధి. పగలు ఎక్కడ కూచుంటే అక్కడ తూగేది. పులుసు కలుపుతూ తూగేది, హరికథలో తూగేది, మాట్లాడుతూ మాట్లాడుతూ తూగేది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుకునేవారు కదా, లక్ష్మణుడు అడవికి వెళ్ళాక ఆవిడ పద్నాలుగేళ్ళూ నిద్రలోనే ఉండిపోయిందని. అందుకని మా మేనత్తలు అమ్మకి 'ఊర్మిళాదేవి' అని పేరు పెట్టారు. మేం పిల్లలం కూడా అలాగే పిలిచి నవ్వేవాళ్ళం. అమ్మా నవ్వేది. 'బద్ధకస్తురాలు' అన్న మాట కూడా ఆ ఇంట్లో నేను విన్నాను. ఆరుగురికి వండి, రెండు గేదెల పని చేసే మనిషిని. అరవై ఒకటో ఏట ఒక తెల్లవారుజామున ఆవిడకి పక్షవాతం వచ్చింది. రెండేళ్ళు మంచంలో ఉండి వెళ్ళిపోయింది. దానికి కారణం ఆ నిద్రేనని నేను అనను, ఏ డాక్టరూ ఇప్పుడు చెప్పలేరు. కానీ ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నాకు, మేం నవ్విన నవ్వులన్నీ ఒక్కసారి వినిపించాయి.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు ఒక కాగితం ఇచ్చారు. కూచుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బస్సులో గంటసేపు ప్రయాణంలో, మధ్యాహ్నం భోజనమయ్యాక, ఇలా ఎనిమిది ప్రశ్నలు. ఒక్కోదానికి కునుకు పట్టే అవకాశం సున్నా నుంచి మూడు వరకూ వేసుకోవాలి. మొత్తం 24కి పది దాటితే పగటినిద్ర ఎక్కువున్నట్టు. నాకు 17 వచ్చాయి. చదువుకునే రోజుల్లో కూడా అంత శాతం రాలేదు అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు.

తర్వాత నిద్ర పరీక్ష. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోవాలి. తలంటుకుని రమ్మన్నారు, నూనె రాసుకోవద్దన్నారు, ఎందుకంటే తలమీద వైర్లు అంటించాలి కదా. తలకి, కళ్ళ పక్కన, గడ్డానికి, కాళ్ళకి వైర్లు. ఛాతీకి, పొట్టకి రెండు బెల్టులు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. ఇన్ని పెట్టి హాయిగా నిద్రపోమంటారు. విచిత్రం ఏమిటంటే పోయాను. నేను ఎక్కడైనా పోతాను, అదే కదా జబ్బు.

ఫలితం వచ్చింది. గంటకి 34 సార్లు నా ఊపిరి ఆగడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతోందిట. కనీసం పది సెకన్లు అలా ఉంటేనే ఒకటిగా లెక్క. గంటకి అయిదు లోపు మామూలు, అయిదు నుంచి పదిహేను కొద్దిపాటి, ముప్ఫై దాటితే తీవ్రం. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 78 శాతానికి దిగింది. కోవిడ్ రోజుల్లో వేలికి క్లిప్పు పెట్టుకుని 94 చూసి గజగజలాడిన వాళ్ళం మనం. నాకు ప్రతి రాత్రీ 78!

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. నిద్రలో కండరాలన్నీ సడలిపోతాయి. నాలుక, కొండనాలుక చుట్టూ ఉండే మెత్తటి భాగం కూడా వెనక్కి వాలి గొంతులో దారి మూసేస్తాయి. ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు గాభరాపడి తట్టి లేపుతుంది. మనకి తెలియకుండానే అరక్షణం మేలుకుని ఒక్క శ్వాస లాగి మళ్ళీ పడుకుంటాం. అంటే నేను ఎనిమిది గంటలు పడుకున్నా, గంటకి ముప్ఫైసార్లు ఎవరో భుజం పట్టి కుదిపినట్టే. ఇక అలసట ఎందుకుండదు? గుండెమీద, బీపీమీద ఆ భారం పడుతుంది. నిద్ర చాలట్లేదని ఎవరో ఇచ్చిన సలహామీద నిద్రమాత్ర అడుగుదామనుకున్నాను ఒకప్పుడు. అలాంటి మాత్రల్లో కొన్ని గొంతు కండరాల్ని ఇంకా సడలిస్తాయని, ఈ జబ్బున్నవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా అవి వేసుకోకూడదని ఆవిడ అన్నప్పుడు నా వెన్ను జలదరించింది.

వైద్యం ఏమిటంటే సీప్యాప్ అనే యంత్రం. దీని కథ నాకు భలే నచ్చింది. 1981లో ఆస్ట్రేలియాలో, సిడ్నీలో, కాలిన్ సల్లివన్ అనే డాక్టరు దీన్ని లోకానికి చెప్పారు. అంతకుముందు జబ్బు ముదిరినవాళ్ళకి గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టడమే దారి. ఈయన గాలిని ముక్కులోంచి సన్నగా, ఆపకుండా తోస్తూ ఉంటే గొంతు దారి మూసుకోదని చూపించారు. అంతే. లోపల మందు లేదు, ఆక్సిజన్ కూడా లేదు. మన గదిలో గాలే, కాస్త ఒత్తిడితో. ఆ ఒత్తిడిని సెంటీమీటర్ల నీళ్ళలో కొలుస్తారు. పది అంటే, బిందెలో బెత్తెడు పైచిలుకు నీళ్ళు అడుగుని ఎంత తోస్తాయో అంత.

ధర విన్నాక నేను "బరువు తగ్గుతానండీ, ఇదంతా ఎందుకు" అన్నాను. యంత్రం, మాస్కు, తేమ పట్టించే తొట్టి అన్నీ కలిపి యాభై వేల పైమాట. మా పాలసీలో అది రాదన్నారు. పెద్దాడి ఇంజనీరింగు ఫీజు కట్టాల్సిన నెల. మా వారు కాసేపు ఊరుకుని, "బండికి ఏదైనా అయితే బాగు చేయించమా?" అన్నారు. పోలిక బాగోలేదు, కానీ మనిషి మంచివారు. నిజం చెప్పాలంటే అడ్డం పడింది ఆయన కాదు, నేనే. అదే డబ్బు ఆయనకో పిల్లలకో కావాలంటే ఒక్క క్షణం ఆలోచించేదాన్నా? గొలుసు తాకట్టు పెట్టైనా తెచ్చేదాన్ని. నా ముక్కుకి అనేసరికి బేరం మొదలుపెట్టాను.

ఇంతలో న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు "మా మామగారి పాత యంత్రం ఉంది వదినా, పంపిస్తాను, వోల్టేజీ ఇక్కడా అక్కడా పనిచేస్తుంది" అంది. ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాత్రం ఎప్పటిదో ఏ మోడలో కనుక్కోమన్నారు. 2021లో ఒక పెద్ద కంపెనీ, యంత్రం లోపల చప్పుడు తగ్గించడానికి పెట్టే స్పాంజి పొడిగా రాలి ఊపిరిలోకి వెళ్ళొచ్చని చాలా యంత్రాలు వెనక్కి పిలిచిందిట. చూస్తే అది అలాంటిదే. పైగా ఇంకొకరికి పెట్టిన ఒత్తిడి నాకు సరిపోదు. కళ్ళజోడు లాంటిదే ఇదీ.

చివరికి మేం చేసిన మంచి పని, నెల రోజులు అద్దెకి తెచ్చుకోవడం. కొనే ముందు అద్దెకి ఇచ్చేవాళ్ళు దొరికితే తప్పకుండా అలాగే చెయ్యండి. ఆ నెలలోనే నాకు ఏది ముఖ్యమో, ఏది కాదో తెలిసింది. ఒకే ఒత్తిడిమీద నడిచే రకం, అవసరాన్నిబట్టి తనే పెంచుకుని తగ్గించుకునే ఆటో రకం అని రెండుంటాయి. నాకు వెల్లకిలా పడుకుంటే ఒకలా, పక్కకి తిరిగితే ఒకలా ఉంటుంది కాబట్టి ఆటో తీసుకోమన్నారు. తేమ తొట్టి ఉండాలి. రాత్రి జరిగింది లెక్క రాసిపెట్టే సదుపాయం ఉండాలి, లేకపోతే డాక్టరు ఏం చూసి సరిచేస్తారు? అన్నిటికన్నా ముఖ్యం, మాస్కు దిండు, ఫిల్టరు మన ఊళ్ళో దొరకాలి. రంగుల తెర, అందమైన సంచీ, ఇవన్నీ దండగ.

కానీ యంత్రం ఎంచుకోవడం తేలిక. మాస్కు దగ్గరే ఉంది రామాయణమంతా.

కొట్టువాళ్ళ కుర్రాడు వచ్చి మూడు రకాలు పరిచాడు, గాజులబ్బాయి మలారం విప్పినట్టు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న బుడిపెలది ఒకటి, ముక్కు మొత్తం కప్పేది ఒకటి, ముక్కూ నోరూ కప్పేది ఒకటి. "మేడం, లేడీస్‌కి ఇదే లైట్‌గా ఉంటుంది" అని మొదటిది ఇచ్చాడు. తేలిగ్గానే ఉంది. పెట్టుకుని గాలి వదలగానే ఎడమవైపు నుంచి 'స్స్' మని ఈల. బిగించాడు, ఇంకా ఈల. సైజు మార్చాడు. అదే ఈల. అతనికి తల గోక్కోవడమే మిగిలింది. అప్పుడు మా చిన్నది అంది, "అమ్మా, నీ ముక్కుపుడక!"

అవునుమరి. ముక్కు లోపల ముక్కుపుడక శీల ఉంది కదా. ఆ మెత్తటి సిలికాను బుడిపె దానికి తగిలి పైకి లేస్తోంది, ఆ సందులోంచి గాలి పోతోంది. లోపల గీసుకుని మంట కూడా. "అది తీసేస్తే సరిపోతుంది మేడం" అన్నాడు కుర్రాడు చాలా మామూలుగా.

మా అత్తయ్యగారు కుర్చీలోంచి లేచి కూచున్నారు. "ముత్తయిదువని ముక్కుపుడక తీయమంటాడేవిటమ్మాయ్ వీడు?" అన్నారు. నాకు పట్టింపు అంతగా లేదు. కానీ అది మా అమ్మది. ఏడురాళ్ళ బేసరి. ఆవిడ పోయాక నా వాటాకి వచ్చింది అదొక్కటే, ఆ రోజు నుంచి తీయలేదు. ఊర్మిళాదేవి ముక్కుకి ఉన్న బేసరి తీసి నేను నిద్రపోవాలా? ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే వంటింట్లో కూచుని చాలాసేపు ఏడ్చాను, దేనికని అడిగితే చెప్పలేను.

అత్తయ్యగారే మళ్ళీ దారి చెప్పారు. "ముక్కంతా కప్పేది ఒకటి తెచ్చాడుగా, దాంట్లో బేసరి లోపలుంటుంది కదా?" అన్నారు. ఎనభై ఏళ్ళ ఆవిడకి తట్టింది మాకెవరికీ తట్టలేదు. ముక్కు మొత్తం కప్పే మాస్కులో అంచు బుగ్గలమీద ఆనుతుంది, పుడక జోలికి పోదు. చిన్న సైజు రాళ్ళని ఒత్తింది, మధ్య సైజు సరిపోయింది. ఇప్పటికీ అదే.

మొదటి రాత్రి నలభై నిమిషాలు. లాగి అవతల పారేశాను. రెండో రాత్రి గంట. నా బాధ ఏమిటంటే, పెట్టుకోగానే ఊపిరాడనట్టు ఉండేది. గాలి ఎక్కువైపోయి ఉక్కిరిబిక్కిరి అవుతోందని, తగ్గించమని గోల పెట్టాను. తీరా డాక్టరమ్మ లెక్కలు చూసి, "మీకు గాలి ఎక్కువై కాదు, తక్కువై" అన్నారు. యంత్రం నాలుగుమీద మొదలై మెల్లిగా పెరిగేలా పెట్టారు, నెమ్మదిగా అలవాటవుతుందని. చాలామందికి ఆ నాలుగు చాలదుట. మాస్కులోంచి గాలి పీల్చుకోవడమే కష్టంగా ఉంటుంది. మొదలు ఏడుకి పెంచారు. ఆ రాత్రే మూడున్నర గంటలు పడుకున్నాను. పై హద్దు మొదట ఇరవై ఉండేది. దాంతో తెల్లవారేసరికి పొట్ట నిండా గాలి, తేన్పులు, అత్తయ్యగారు వాము నమలమని ఇచ్చేవారు. పై హద్దు పన్నెండుకి తగ్గించి, ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కొంచెం తగ్గేలా చేశాక వాము అవసరం పోయింది. ఈ అంకెలు నావి. మీవి మీ డాక్టరు చూసి పెట్టాలి, నా చూసి మీరు తిప్పుకోకండి.

మాస్కు బిగింపు దగ్గర మన ఆడవాళ్ళకి ఒక సుఖం ఉంది. మనకి కుక్కరు గ్యాస్కెట్టు తెలుసు. గాలి పోతోందని మా వారు పట్టీలు బిగించేవారు, బిగించిన కొద్దీ ఇంకా పోయేది, పొద్దున్నకి నా బుగ్గలమీద వాతలు. గ్యాస్కెట్టు సరిగా కూచోకపోతే మూత ఎంత నొక్కితే ఏం లాభం? కూచుని కాదు, పడుకుని, యంత్రం నడుస్తుండగా సర్దాలి. మాస్కుని మొహం నుంచి ఒక్క పిసరు పైకి లాగి వదిలితే లోపలి పొర గాలికి ఉబ్బి దానంతట అదే కుదురుకుంటుంది. పట్టీలు అంతంతమాత్రం వదులుగానే ఉండాలి. ఇంకో శత్రువు నూనె. రాత్రి మొహానికి రాసుకునే క్రీము, తలకి కొబ్బరినూనె, ఇవి సిలికానుని జారిపోయేలా చేస్తాయి. క్రీము పొద్దున్నకి మార్చాను. తలనూనె శనివారం పగటికి. జడ వెనక పట్టీ కింద నలిగి నొప్పి పెడుతుంటే, నడినెత్తిన ముడి వేసుకుంటున్నాను. అద్దంలో చూసుకుంటే ఋషిలా ఉంటాను, తొండం ఉన్న ఋషి. మాస్కు దిండు రోజూ పొద్దున్నే తేలికపాటి సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెడతాను, కాఫీ డికాషను దిగేలోపు అయిపోయే పని.

నీళ్ళ గొడవ ఒకటి. తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పొయ్యమన్నారు. కృష్ణ నీళ్ళు పోస్తే నాలుగు రోజుల్లో తొట్టి అడుగున తెల్లగా పొర కట్టింది, మా ఇడ్లీ పాత్రలాగే. వేసవిలో ఏసీ వేసుకుంటే మరో తమాషా. వెచ్చటి తేమ గాలి చల్లటి గొట్టంలో నీళ్ళయి, అర్ధరాత్రి ముక్కుమీద చుక్కలు పడేవి, శివలింగంమీద ధారలా. వేడెక్కే గొట్టం వేరే కొనాలన్నారు. నేను పాత వెంకటగిరి చీర చించి గొట్టానికి తొడుగు కుట్టాను. ఏసీ రెండు డిగ్రీలు పెంచాం. చుక్కలు ఆగిపోయాయి. యంత్రాన్ని మంచం కన్నా కిందుగా, చిన్న పీటమీద పెట్టడం కూడా మంచిది, తొట్టి నీళ్ళు గొట్టంలోకి ఎక్కవు. ఇక మస్కిటో కాయిల్, అగరొత్తులు ఆ గదిలో నిషేధం. యంత్రం గదిలో గాలే కదా లాగేది. ఒక రాత్రి పక్కగదిలో అత్తయ్యగారు సాంబ్రాణి వేస్తే తిన్నగా నా ముక్కులోకి వచ్చింది, దేవుడి గదిలో తల పెట్టి పడుకున్నట్టు.

నోరు తెరుచుకుంటే కూడా గాలి పోతుంది. పొద్దున్నకి నాలుక పిడచకట్టేది. నా ముక్కు దిబ్బడే దానికి కారణమని తేలింది. పడుకునే ముందు ఉప్పునీటి స్ప్రే, పక్కకి తిరిగి పడుకోవడం, తేమ ఇంకాస్త పెంచడం, వీటితో సర్దుకుంది. సర్దుకోని వాళ్ళకి నోరూ కప్పే మాస్కే గతిట.

కరెంటు పోతే ఏమవుతుందని మా అత్తయ్యగారికి నెల రోజులు నిద్రలేదు. నా గొట్టం చూస్తూ మేలుకుని ఉండేవారు. ఏమీ కాదు, మాస్కుకి గాలి పోయే రంధ్రాలుంటాయి, నోరు ఖాళీగానే ఉంటుంది, మెలకువ వచ్చి తీసేస్తాం. ఇన్వర్టరుమీద తేమ వేడి ఆపేస్తే చాలాసేపు నడుస్తుంది.

అపార్టుమెంటులో మాత్రం నాకు 'ఆక్సిజన్ పెట్టేశారు'. పనమ్మాయి గొట్టం చూసి కింద చెప్పింది, కింద నుంచి పైకి వచ్చేసరికి వెంటిలేటరు అయింది. మూడో అంతస్తావిడ అరటిపళ్ళు, బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చింది. నేను అప్పుడు గ్రైండరులో పచ్చడి రుబ్బుతున్నాను. ఆవిడ మొహంలో కాస్త నిరాశ కనబడింది పాపం.

మూడో వారం నుంచి కలలు రావడం మొదలుపెట్టాయి. కలలు మానేసి ఎన్నేళ్ళయిందో నాకు తెలియనేలేదు. రంగు రంగుల కలలు, పొడుగాటివి, సీరియల్ లాగా. డాక్టరమ్మ అది మంచి గుర్తే అన్నారు, ఇన్నాళ్ళూ తెగిపోయిన నిద్ర బాకీ తీర్చుకుంటోందిట. పొద్దున తలపోటు పోయింది. నెలాఖరుకి లెక్క చూస్తే గంటకి 34 ఉన్నది 3కి వచ్చింది. నాలుగు నెలలకి బీపీ రెండో మాత్ర డాక్టరే తీసేశారు. బరువు మాత్రం రెండు కిలోలే తగ్గాను, ఆ విషయం అడక్కండి. మా వారు హాల్లోంచి మంచం దగ్గరికి తిరిగొచ్చారు. మొదటి రాత్రి, "ఏమోయ్, మరీ ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు నిద్ర పట్టట్లేదు" అన్నారు. దిండు విసిరాను.

మొన్న శ్రావణంలో మళ్ళీ తెనాలి వెళ్ళాం, మా పిన్ని మనవడి అన్నప్రాశనకి. ముందురోజు రాత్రి హాల్లో జంపఖానాలు. నేను సంచీ విప్పి, యంత్రం తీసి, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎక్కడుందని అడిగాను. అందరూ చుట్టూ చేరారు. పిల్లలు 'ఏనుగత్త' అన్నారు. ఒకావిడ "అయ్యో" అంది. నా గుండె దడదడలాడుతూనే ఉంది, అయినా మాస్కు పెట్టుకుని, బేసరి సర్దుకుని, వాళ్ళ మధ్యనే పడుకున్నాను. పెట్టుకున్నాక ఎవరేమన్నారో తెలియదు. పొద్దున్న ఆరింటికి చూశాను.

పెరట్లో పళ్ళు తోముకుంటుంటే మా పిన్ని వచ్చింది. అటూ ఇటూ చూసింది. అరవై నాలుగేళ్ళావిడ, మా అమ్మ సొంత చెల్లెలు. "రాత్రి నువ్వు కదలకుండా పడుకున్నావే" అంది. కాసేపు కుళాయి దగ్గరే నుంచుంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ బాబాయి నాలుగేళ్ళ నుంచి వరండాలో పడుకుంటున్నారు. మా కోడలికి చెప్పకు గానీ, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారే?" అంది.